రోనోక్‌లో రాత్రి రైళ్ళు

అమెరికా వెళ్ళి వచ్చినవాణ్ణి మనవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "నయాగరా చూశారా?" లేదంటే జాలిపడతారు. మరి అంతదూరం వెళ్ళి ఏం చూశారన్నది రెండో ప్రశ్న. "ఒక పాత రైలుస్టేషను చూచి వచ్చాను" అని నేను చెప్పినప్పుడు మా కాలేజీ స్టాఫురూములో ఒకరి మొహం ఒకరు చూచుకున్నారు. మా లెక్కల మేష్టారు ఊరుకోలేక, "అనంతపురంలో కాపురం పెట్టుకుని, పక్కన గుంతకల్లు జంక్షను ఉంచుకుని, స్టేషను చూడడానికి సముద్రాలు దాటారా?" అని అననే అన్నారు.

ఆయనకు అప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పాలంటే ముందు మా ఇంటి బీరువాలో ఉన్న ఒక నల్లటి ఫోటో సంగతి చెప్పాలి.

మా అమ్మ తండ్రి గుంతకల్లు లోకోషెడ్డులో డ్రైవరు. క్లీనరుగా చేరాడు, ఫైర్‌మన్ అయ్యాడు, డ్రైవరయ్యాడు. నలభై ఏళ్ళ ఉద్యోగమూ మీటరుగేజి ఆవిరి ఇంజన్ల మీదనే. 1988 మే నెలాఖరుకు ఆయన సర్వీసు ముగిసింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. వేసవి సెలవులకు మేమంతా తాతగారింట్లోనే ఉన్నాం. ఆఖరి డ్యూటీ బళ్లారి వైపు వెళ్ళే రాత్రి బండికి పడింది. షెడ్డువాళ్ళు ఇంజనుకు వేపమండలు, బంతిపూల దండలు కట్టారు. తాత మెళ్ళోనూ ఒక దండ వేశారు. ప్లాట్‌ఫారం మీద మా అవ్వ, అమ్మ, పిన్నమ్మలు, పిల్లలం అందరం నిలబడ్డాం.

నా మెళ్ళో మామయ్య హాట్ షాట్ కెమెరా వేలాడుతోంది. ఆ రోజుల్లో ఇంట్లో కెమెరా ఉండడమంటే చిన్న సంగతి కాదు. తాత ఇంజను ఎక్కుతూ ఆగి, "ఒరే అబ్బీ, ఇంజను మీద నన్నొక ఫోటో తియ్యరా. ఇన్నేండ్లు తోలినాను, దీంతో కలిసి తీయించుకున్న బొమ్మ ఒక్కటీ లేదు" అన్నాడు. ముప్పయ్యారు బొమ్మల రీలు అది. అందులో ముప్పయ్యయిదు పగలే అయిపోయాయి. గోలీలాట, పక్కింటి మేకపిల్ల, ఐసుబండి, మళ్ళీ మేకపిల్ల. మిగిలింది ఒక్కటి. తాత ఇంజను కిటికీలో మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. నేను దూరంగా, ఇంజను మొత్తం పడాలని ఇంకా దూరంగా జరిగి, మీట నొక్కాను. కెమెరాలో ఉన్న బుల్లి దీపం తళుక్కుమంది. బండి కూత వేసి కదిలింది.

వారం రోజులకు ప్రింట్లు వచ్చాయి. మేకపిల్ల దివ్యంగా వచ్చింది. ఆఖరి ఫోటో మాత్రం బొగ్గుతో పూసినట్టు నల్లగా ఉంది. ఒక మూల రెండు తెల్లని చుక్కలు. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూచి పకపకా నవ్వాడు. "ఇంజను నలుపు, రాత్రి నలుపు, నేను నలుపు. పాపం, నీ డబ్బాకు ఏం కనబడుతుందిరా!" అన్నాడు. 1996లో ఆయన పోయాడు. ఆ నల్లఫోటో అమ్మ దగ్గర ఉండిపోయింది. ఇల్లు మారినప్పుడల్లా నేను, "ఈ నల్లకాగితం ఎందుకమ్మా, పారేద్దాం" అనేవాణ్ణి. అమ్మ ఏమీ అనేది కాదు. తీసి చీరల మధ్య పెట్టుకునేది.

ఇక రోనోక్ ప్రయాణం.

మా చెల్లెలి కుటుంబం వర్జీనియా రాష్ట్రంలో బ్లాక్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఉంటోంది. పెద్ద విశ్వవిద్యాలయం ఉన్న చిన్న ఊరు. 2023 వేసవిలో అమ్మను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. రెండు వారాలు గడిచాక చెల్లెలు, "అన్నయ్యా, నీకూ అమ్మకూ నచ్చే చోటొకటి ఉంది, పదండి" అని కారెక్కించింది. కొండల నడుమ ముప్పావుగంట ప్రయాణం. అప్పలాచియన్ పర్వతాలు మన నల్లమల కొండల్లా ఉంటాయి. మరీ ఎత్తూ కాదు, కొమ్ములు తిరిగిన శిఖరాలూ లేవు. వరుస వెనక వరుసగా, దూరంపోయేకొద్దీ నీలంగా పరుచుకుని ఉంటాయి. ఆ కొండల అడుగున బొగ్గు ఉంది. ఆ బొగ్గు వల్లనే రోనోక్ పుట్టింది.

1882కు ముందు ఆ ఊరి పేరు బిగ్ లిక్. ఏ లెక్కలోకీ రాని పల్లె. నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వచ్చి అక్కడ కార్యాలయం, కర్మాగారం పెట్టగానే పల్లె పట్నమైపోయింది, పేరు కూడా మారింది. రైలు కన్న ఊరన్నమాట. అమ్మ ఆ మాట విని, "మన గుంతకల్లే" అంది. అక్కడినుంచి ఆమెకు ఆ ఊరు పరాయిదిగా తోచలేదు.

ఊరి నడుమ రైలుకట్ట పక్కన పాత ప్రయాణికుల స్టేషను ఉంది. రేమండ్ లోవీ అనే పేరుగన్న రూపశిల్పి 1949లో దానికి కొత్త రూపం ఇచ్చాడు. ఇప్పుడు దానిలో టిక్కెట్లు అమ్మేది రైలెక్కడానికి కాదు, ఫోటోలు చూడడానికి. 2004 జనవరిలో దాన్ని ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఛాయాగ్రాహకుడి మ్యూజియంగా తెరిచారు. ఒక స్టేషనులో ఒక్క మనిషి తీసిన ఫోటోలకు మ్యూజియం పెట్టారంటే ఆ మనిషి ఎవరో చెప్పుకోవాలి గదా.

లింక్ 1914లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. చదివింది సివిల్ ఇంజనీరింగు. చేపట్టిన వృత్తి వ్యాపార ప్రకటనలకు ఫోటోలు తీయడం. చిన్ననాటినుంచీ రైలింజన్లంటే పిచ్చి. 1955 జనవరిలో ఏదో కంపెనీ పనిమీద వర్జీనియాలోని స్టాంటన్ అనే ఊరికి వచ్చాడు. దగ్గర్లోనే వేన్స్‌బరో స్టేషనులో ఇంకా ఆవిరి ఇంజన్లు నడుస్తున్నాయని విని, రాత్రివేళ చూడబోయాడు. అప్పటికి అమెరికాలో పెద్ద రైల్వేలన్నీ డీజిలుకు మారిపోతున్నాయి. ఈ ఒక్క కంపెనీ మాత్రం బొగ్గు మోసుకుని బతికేది గనక బొగ్గింజన్లను వదలలేదు. రోనోక్ కర్మాగారంలో 1953 దాకా సొంతంగా ఆవిరి ఇంజన్లు తయారుచేసుకుంటూనే ఉంది. కాని దానికీ రోజులు దగ్గరపడ్డాయి. ఆ సంగతి లింక్‌కు తెలుసు.

మర్నాటి రాత్రే దీపాలు పెట్టి స్టేషనులో మొదటి ఫోటో తీశాడు. దాన్ని రైల్వేవారికి పంపి, మీ లైనంతా తిరిగి రాత్రిపూట ఫోటోలు తీసుకోనివ్వండని అడిగాడు. కంపెనీ అధ్యక్షుడు రాబర్ట్ స్మిత్ సరేనన్నాడు. జీతం లేదు, భత్యం లేదు. సొంత డబ్బు పెట్టుకుని, న్యూయార్కునుంచి కారులో సామాను వేసుకుని, ఐదేళ్ళపాటు సుమారు ఇరవై సార్లు వచ్చిపోయాడు. 1960లో ఆ రైల్వేలో ఆవిరి ఆగిపోయేనాటికి దాదాపు 2,400 ఫోటోలు పోగయ్యాయి. అప్పట్లో వాటిని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆయనకు పేరు రావడం చాలా ఏళ్ళ తర్వాతి మాట. 2001లో కన్నుమూశాడు. మ్యూజియం తలుపులు తెరిచిన రోజు చూడడానికి లేడు.

రాత్రే ఎందుకు తీశాడు? ఆ ప్రశ్న నాకూ వచ్చింది. ఫోటోల ముందు నిలబడితే జవాబు దానంతటదే తెలుస్తుంది. పగటిపూట చిక్కంతా సూర్యుడితోనే. ఆయన మనం చెప్పినచోట నిలబడడు. పట్టాలనూ మనం జరపలేం. కనక వెలుగును మనమే తెచ్చుకోవాలని లింక్ అనేవాడు. రాత్రయితే ఆకాశం నల్లని తెర. దీపం పడ్డదే లోకం, పడనిది లేనట్టే. స్తంభాలు, చెత్తకుప్పలు, ప్రకటన బోర్డులు అన్నీ మాయమైపోతాయి. పగలు మసిలా బూడిదరంగులో కనిపించే ఆవిరి, చీకట్లో దీపం తగిలితే ఏకిన దూదిలా తెల్లగా లేస్తుంది. మా సీమలో తోలుబొమ్మలాట చూచినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. దీపం ఉన్నచోటే కథ నడుస్తుంది.

కాని చీకట్లో రైలుకు దీపం పట్టడం సామాన్యమైన పనా? ఇక్కడ నా నల్లఫోటో రహస్యం కూడా బయటపడింది. దీపానికి రెండింతల దూరం వెళితే అందే వెలుగు సగమవుతుందనుకుంటాం. సగం కాదు, నాలుగోవంతు. మూడింతల దూరమైతే తొమ్మిదోవంతు. ఇంజను మొత్తం పడాలని నేను వెనక్కి వేసిన ఒక్కొక్క అడుగూ తాతను చీకట్లోకి తోసిందన్నమాట! పైగా ఇంజను నలుపు. మీద పడ్డ వెలుగును మింగుతుందే గాని తిరిగి ఇవ్వదు. తాత నవ్వుతూ అన్నమాట అక్షరాలా భౌతికశాస్త్రమే.

లింక్ దీనికి కనిపెట్టిన ఉపాయం, దీపం దగ్గరికి రైలు రాకపోతే రైలు పొడుగునా దీపాలు పెట్టడం. ఆ కాలపు ఫ్లాష్ బల్బు ఒక్కసారికే పనికివస్తుంది. గాజుబుడ్డిలో సన్నని లోహపు తీగో రేకో ఉంటుంది. కరెంటు తగలగానే భగ్గుమని మండి, కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. అటువంటి బల్బులను పెద్ద పెద్ద తళతళలాడే గిన్నెల్లో అమర్చి, పట్టాల వెంట, చెట్ల మీద, ఇళ్ళ చాటున పెట్టి, అన్నిటికీ తీగలు కలిపేవాడు. ఏకకాలంలో అరవై బల్బుల దాకా వెలిగించి, అదే క్షణంలో మూడు కెమెరాలు తెరిచే పెట్టె ఒకటి తానే తయారుచేసుకున్నాడు. చదివిన ఇంజనీరింగు ఊరికే పోలేదు! తీగలన్నీ వరసగా ఒకదాని వెంట ఒకటి కలిపి ఉండేవి. ఒక్క అతుకు వదులైతే ఒక్క బల్బూ వెలగదు. అంతా సిద్ధం చేసుకుని, సహాయకుడితో కలిసి చలిలో ఎదురుచూడాలి. బండి ఒక్కసారే వస్తుంది. అది సరైన చోటికి వచ్చిన క్షణంలో నొక్కాలి. తప్పితే మళ్ళీ మొదటినుంచీ. ఆ గిన్నెలు, కెమెరాలు, తీగలు అన్నీ మ్యూజియంలో ఉన్నాయి. చూస్తుంటే పెళ్ళి షామియానా సామానులా ఉంది.

మొదటి గదిలో ఉండగా నాకు ఇంజన్లే కనిపించాయి. రెండో గదిలోకి వెళ్ళేసరికి తెలిసింది, ఈయన ఇంజన్లను మాత్రమే తీయలేదు. ఒక ఫోటోలో వాగులో పిల్లలు ఈతకొడుతుంటారు, పైన వంతెన మీద రైలు పోతుంటుంది. ఇంకొకదానిలో ఒక జంట కారులో పెట్రోలు పోయించుకుంటుంటారు, వెనకనుంచి రైలు. మరొకదానిలో ఊరి పెద్దబజారులోనే, దుకాణాల ముందునుంచే రైలు. అక్కడివాళ్ళెవరూ రైలును చూచి ఆశ్చర్యపోరు. రోజూ వచ్చేదేగా! దాని పక్కన వాళ్ళ పనులు వాళ్ళు చేసుకుంటుంటారు.

వీటన్నిటిలోకి పేరుగన్నది 1956 ఆగస్టులో పశ్చిమ వర్జీనియాలోని ఐగర్ అనే ఊళ్ళో తీసింది. అది ఆరుబయట సినిమా. జనం కార్లలో కూర్చునే సినిమా చూస్తారు. ముందు ఒక కారులో ఒక పడుచుజంట, ఎదురుగా తెరమీద ఒక జెట్ విమానం, పక్కన పట్టాల మీద తెల్లటి ఆవిరి చిమ్ముతూ దూసుకుపోతున్న 1242 నంబరు ఇంజను. నలభైకి పైగా బల్బులు ఒక్కసారిగా వెలిగించి తీశాడట. ఆ వెలుగుకు తెరమీది బొమ్మ కొట్టుకుపోయింది. అందుకని విమానమున్న బొమ్మను వేరే తీసి, తర్వాత అతికించాడు. కారు కూడా ఆయనదే. ఆ జంటను కూర్చోబెట్టిందీ ఆయనే.

అది చదివి నేను కొంచెం నిరుత్సాహపడ్డాను. పాఠం చెప్పే అలవాటు చొప్పున, "అయితే ఇదంతా వేషమేనమ్మా. సహజంగా జరిగింది కాదు" అన్నాను. అమ్మ నావైపు చూడకుండానే, "మా పెండ్లి ఫోటోలో మీ నాయన, నవ్వమంటేనే నవ్వినాడు. అంతమాత్రాన పెండ్లి అబద్ధమవుతుందా?" అంది. చెల్లెలు నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మ అన్నది నిజమే. రైలు నిజం, ఊరు నిజం, మనుషులు నిజం. ఇంకొన్నాళ్ళకు ఇవన్నీ కలిసి ఒకచోట ఉండవని తెలిసినవాడు, ఉండగానే ఒకచోట నిలబెట్టి చూపించాడు.

ఇంకో ఫోటో దగ్గర అమ్మ ఆగిపోయింది. 1955 డిసెంబరులో లిథియా అనే పల్లెలో, ఒక ఇంటి ముందుగదిలో తీసింది. ఒక ఇల్లాలు కుర్చీలో కూర్చుని ఉంది. ఒక పిల్లవాడు కిటికీ దగ్గర నిలబడి బయటికి చెయ్యి ఊపుతున్నాడు. కిటికీ అవతల, అంత దగ్గరగా, రాత్రి రైలు. ఇంట్లో దీపాలు, ఇంజను మీద దీపాలు, రెండూ ఒక్క క్షణంలో వెలిగినవే.

అమ్మ అక్కడినుంచి కదలలేదు. చాలాసేపటికి నెమ్మదిగా చెప్పింది. "మా క్వార్టర్సు ఇట్లాగే లైను పక్కనే ఉండేది. బండి పోతే గూట్లో గిన్నెలు గలగలమనేవి. మా నాయన బండయితే ఔటరు దగ్గర కూత వేసే తీరే వేరు. ఒకటి పొడుగు, రెండు పొట్టివి. అది వినబడితే అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టేది. మేము కిటికీ ఎక్కి చెయ్యి ఊపేవాళ్ళం. ఆయనకు మేము కనబడేవాళ్ళమో లేదో, అడగనే లేదు."

ఈ కథ నాకు అంతవరకూ తెలియదు. నలభై ఆరేళ్ళుగా ఆమె కొడుకునే.

ఆ తర్వాతి గదిలో రోనోక్ షెడ్డులో ఇంజను కడుగుతున్న కూలీలు, దీపం పట్టుకున్న స్టేషను ఏజెంటు, చక్రం పక్కన నూనెడబ్బాతో ఒక ముసలి పనివాడు. చాలా ఫోటోల కింద వాళ్ళ పేర్లు ఉన్నాయి. అమ్మకు ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదవడం వచ్చు. ప్రతి పేరూ వేలు పెట్టి చదివింది. "ఇంజను తుడిచేవాని పేరు కూడా రాసినారే!" అంది. లింక్ రైళ్ళ చప్పుళ్ళను కూడా టేపు మీద పట్టి రికార్డులు వేశాడు. తిరుగు ప్రయాణంలో చెల్లెలు కారులో ఒకటి వినిపించింది. అమ్మ శ్రద్ధగా విని, "బాగుంది గాని, మనది కాదు. మన కూత ఇంకా సన్నం" అని తీర్పు చెప్పింది. వాళ్ళ కూత చర్చిలోని వాద్యం మోగినట్టు గంభీరంగా ఉంటుంది.

స్టేషను ముందునుంచి పట్టాల వెంట ఒక నడకబాట వేశారు. పావుగంట నడిస్తే వర్జీనియా రవాణా మ్యూజియం వస్తుంది. అక్కడ 1218 నంబరు ఇంజను ఉంది. ఐగర్ సినిమా ఫోటోలో దూసుకుపోయిన 1242కు ఇది తోబుట్టువు. ఆ తరగతిలో 1936 నుంచి 1950 దాకా 43 ఇంజన్లు రోనోక్‌లోనే తయారయ్యాయి. 1242 కడగొట్టుది. ఇప్పుడు మిగిలింది 1943లో పుట్టిన ఈ 1218 ఒక్కటే. దాని పక్కన నిలబడితే పెద్ద చక్రం నా తల దాకా వచ్చింది. దాని ఎత్తు 70 అంగుళాలు. మన మీటరుగేజి వైపీ ఇంజను చక్రం నాలుగున్నర అడుగులు. అమ్మ ఆ ఇంజను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నూనె పోసే చోట్లు, పిస్టను కడ్డీలు, ఇసుకడబ్బా ఒక్కొక్కటీ మా మేనల్లుడికి చూపించింది. ఇంజనీరింగు చదవలేదు, డ్రైవరు కూతురు, అంతే.

అప్పుడు నాకొక సంగతి తోచింది. ఆవిరి ఇంజను ఆగిపోయి ఇన్నేళ్ళయినా జనానికి దాని మీద మోజెందుకు తీరదు? ఆ ఊళ్ళోనే పుట్టిన 611 నంబరు ఇంజనును 2015లో మరమ్మతు చేసి మళ్ళీ పట్టాలెక్కించారు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ పాత ఇంజన్లను రాత్రిపూట నిలబెట్టి, దీపాలు పెట్టి, ఫోటోలు తీసుకునేందుకు జనం డబ్బు కట్టి వస్తారు. చలిలో మూడుకాళ్ళ పీటల మీద కెమెరాలు పెట్టుకుని వరసగా నిలబడతారు. వాళ్ళలో ఆవిరి రోజుల తర్వాత పుట్టినవాళ్ళే ఎక్కువ. మన దేశంలోనూ హర్యానాలోని రేవాడి షెడ్డులో పాత ఇంజన్లను సజీవంగా ఉంచుకున్నారు. కారణం నాకు తోచినంతవరకు ఇది. డీజిలు ఇంజను పనంతా పెట్టెలో దాచుకుని చేస్తుంది. ఆవిరి ఇంజనుకు దాపరికం లేదు. నిప్పు కనబడుతుంది, కడ్డీ కదలడం కనబడుతుంది, చెమటపట్టినట్టు ఆవిరి కారుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడైనా ఇది ఎట్లా నడుస్తుందో చూచి చెప్పగలడు. దాన్ని నడిపే మనిషి కూడా కనబడతాడు. పారతో బొగ్గు వేసేవాడు, కిటికీలో మోచెయ్యి పెట్టుకుని దూరానికి చూచేవాడు. ఇంజను మీద మోజులో సగం ఆ మనిషి మీదిదే.

భోజనం చేసి తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. అక్కడ వేసవిలో తొమ్మిదింటిదాకా వెలుతురుంటుంది. ఊరి పక్కన మిల్ మౌంటెన్ అనే గుట్ట మీద 1949లో కట్టిన పెద్ద నక్షత్రం దీపాలతో వెలిగింది. మేము నడకబాట మీద నిలబడి ఉండగా పడమటినుంచి బొగ్గుబండి వచ్చింది. డీజిలు ఇంజన్లు, వెనక లెక్కలేనన్ని పెట్టెలు. బొగ్గు మాత్రం అదే కొండలది. అమ్మ కంచెకు దగ్గరగా వెళ్ళి, ఆ అద్దాల వెనక ఎవరున్నారో తెలియకపోయినా, చెయ్యి ఊపింది. లోపలినుంచి చిన్న కూత వినిపించింది. ఆమెకే వేశాడో, దారిలో గేటుకోసం వేశాడో.

మేనల్లుడికి పదకొండేళ్ళు. చేతిలో ఉన్న ఫోనెత్తి ఫోటో తీసి చూపించాడు. ఒక్క బల్బు లేదు, తీగ లేదు. ఫోను తనే చీకటిని తవ్వి వెలుగు తీసుకుంది. బండి చెదిరిన గీతలా, అమ్మ మాత్రం చెయ్యెత్తి స్పష్టంగా. నేను వాణ్ణి మెచ్చుకున్నాను. అమ్మ ఫోటో చూచి, "నీ వయసులో మీ మామయ్య తీసిందొకటి ఉంది, ఇంటికి వస్తే చూపిస్తాలే" అంది. నావైపు చూడలేదు. నేను పట్టాలవైపు చూస్తూ నిలబడ్డాను.

అనంతపురం తిరిగి వచ్చిన మూడో రోజున బీరువా తీయించాను. ఫోటోతోపాటు ఆ పాత స్టూడియో కవరులో నెగెటివులు కూడా ఉన్నాయి. నల్లకాగితమని నేను పారేయమన్న ప్రతిసారీ అమ్మ ఫోటోనే కాదు, కవరును కూడా దాచింది. నల్లగా వచ్చిన ఫోటో తాలూకు నెగెటివు దాదాపు తెల్లగా, ఏమీ లేనట్టే ఉంటుంది. కాని దీపానికి అడ్డంపెట్టి చూస్తే ఏదో జాడ ఉంది. ఊళ్ళో ఒక కుర్రాడు కంప్యూటరు మీద పాత నెగెటివులు బాగుచేస్తాడంటే తీసుకుపోయాను. రెండుగంటలు కూర్చున్నాడు. "సార్, మొహం రాదు. దానికి వెలుగే అందలేదు" అన్నాడు. ఉన్నంతలో తీసి ఇచ్చాడు.

ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. ఇంజను కిటికీ చట్రం, బంతిపూల దండ కొస, కిటికీ మీద ఆనించిన ఒక మోచెయ్యి. అంతే. తెల్లచొక్కా మడిచిన చెయ్యి గనక అందిన కొంచెం వెలుగునూ అది పట్టుకుంది. మొహం ఉండవలసిన చోట చీకటి.

భయపడుతూనే అమ్మ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి పోయి చూచింది. "చొక్కా మూడు మడతలు మడిచేవాడు. నాలుగో మడత వేస్తే చెయ్యి పట్టేస్తుందనేవాడు" అంది. వేలితో లెక్కపెట్టింది. మూడే ఉన్నాయి. తర్వాత నా కలం అడిగి తీసుకుని, ఫోటో వెనక తన తండ్రి పేరు రాసి, దాని కింద "డ్రైవరు, గుంతకల్లు, 31-5-1988" అని రాసింది. తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకు ఇన్నాళ్ళూ ఆ ఒక్క పంక్తి రాయాలని తోచలేదు.

ఈమధ్య మా లెక్కల మేష్టారు ఇంటికి వచ్చారు. గోడమీద పటం కట్టించిన ఆ ఫోటో దగ్గరికి వెళ్ళి, తల వంచి చూచి, "ఇదేమిటండీ, అంతా చీకటిగా ఉంది?" అన్నారు.

నేను చెప్పబోయేలోగా వంటింట్లోనుంచి అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చింది. "ఆ మోచెయ్యి చూడండి సార్" అంది.